ఇంటను ముంగిటను చీమల బాధ – దాని నివారణ

మన సంఘపు సభ్యులు పైరుల తెగుళ్ళను గూర్చి మమ్ము ప్రశ్నింప వచ్చినపుడు, వచ్చిన పని ముగిసిన పిదప లేచిపోవుచు గడపకడ నిలిచి, "అయ్యా, ఇంటిలో చీమలు నిలువనీయకున్నవి. వానికేమైన మందు గలదా?" యని యడుగుట వాడుకయై పోయినది. పైరునకు వచ్చిన తెగులువలె దీని నెవరును ముఖ్యముగా నెంచరు. కాని బెల్లపు కుండ పాడైనను, పొదుగుచున్న కోడి క్రింది పిల్లలు చచ్చినను, నారుమడిలోని విత్తనము కనబడకుండ పోయినను నష్టపడువాడు రైతే. అంతకంటె గట్టిమాట యొకటి కలదు. చీమలను చంపుటకై అటకమీది ప్రత్తిమందు డబ్బాను దింపుచున్న యిండ్లను మేము పెక్కింటిని చూచితిమి. చీమ చేయు కీడు కొంచెము; ఆ డబ్బా చేయగల కీడునకు మేర లేదు. అందుచేత ఈ మాసపు పాఠమునకు చీమలను తీసికొంటిమి.

చీమలు, చెదలు, ఉసిళ్ళు

మొదట శత్రువును గుర్తింపవలెను. చెదపురుగును కొందఱు తెల్లచీమ యందురు. అది చీమ కాదు. దాని జాతి వేఱు, తిండి వేఱు, మందు వేఱు. తొలకరి వానలు కురిసిన సాయంకాలము దీపముచుట్టు మూగు ఉసిళ్ళు చెదల సంతానమే. అదే కాలమున చీమలలోను రెక్కలు గలవి పుట్టలనుండి బయలు వెడలును. రెండింటిని చేతిలోనికి తీసికొని చూచిన భేదము తెలియును. ఉసిలి రెక్కలు నాలుగును సమానమైన పొడవు గలవి, నడుము లావు, మీసములు తిన్ననివి. చీమకు ముందరి రెక్కలు పెద్దవి, వెనుకటివి చిన్నవి. నడుము దారమువలె సన్నము. మీసములు మోచేయివలె వంగియుండును. ఇంటిలో రెక్కలు రాలియున్నవని చీమలమందు పోసికొని కూర్చుండి, దూలము చెదలపాలైన పిదప మాయొద్దకు వచ్చిన వారు కలరు. గోడమీద మట్టితో కట్టిన సన్నని గొట్టము కనబడెనా, అది చెదలపని. ఈ పాఠములో చెప్పు ఉపాయము లేవియు దానికి పనికిరావు.

ఇక చీమలలో మన యిండ్లయందు ముఖ్యముగా కనబడునవి మూడు నాలుగు తెగలు. కంటికి ఆనని చలిచీమలు పంచదార, నేయి, పిల్లల పాలబుడ్డి మొదలగువాని నాశ్రయించును. నల్లని గండుచీమలు రాత్రివేళ తిరుగును. పుచ్చిన కొయ్యలోను, చెట్ల మొదళ్ళలోను కాపురముండును. ఇంటికి వచ్చినను పెద్ద నష్టము చేయవు. ముంగిటను, పెరటిలోను, బండల సందులలోను మన్ను పైకి తోడి పెట్టి, కాలు పెట్టిన క్షణమున గుంపుగా ఎగబ్రాకి నిప్పంటినట్లు కుట్టునవి చిన్న ఎఱ్ఱచీమలు. ఇవియే మనకు ముఖ్యశత్రువులు. మామిడిచెట్టుపై ఆకులను పట్టుతో కలిపి కుట్టి బంతివంటి గూడు కట్టు పొడవుకాళ్ళ ఎఱ్ఱచీమలు వేఱొక తెగ. వానిమాట తరువాత చెప్పుదుము.

మన దేశపు చీమలను శ్రద్ధగా చూచి వ్రాసిన మొదటివారిలో జెర్డన్ అను వైద్యుడొకడు. ఆయన నెల్లూరిలో సర్జనుగా పనిచేసినవాడు. 1851వ సంవత్సరమున దక్షిణ హిందూదేశపు చీమల పట్టిక నొకదానిని మద్రాసు నుండి వెలువడు పత్రికలో ప్రకటించెను. ఇప్పటికిని శాస్త్రజ్ఞులు కొన్ని చీమల పేర్ల చివర ఆయన పేరు చేర్చి వ్రాయుచున్నారు. తెలుగు నేలమీది చీమలు అంత పూర్వమే గ్రంథమున కెక్కినవని సభ్యులు తెలిసికొనుట మంచిది.

పుట్టలోపలి సంసారము

చీమను చంపుట తేలిక. చీమలను పోగొట్టుట కష్టము. ఈ రెండింటికి గల భేదము తెలియనివాడు ఎన్ని మందులు కొన్నను డబ్బు వ్యర్థము. మన కంటికి బారుగా కనబడునవి కూలిచీమలు మాత్రమే. ఇవి యన్నియు ఆడువే యైనను సామాన్యముగా పిల్లలు పెట్టవు. పుట్టలోపల రాణిచీమ యుండును. కొన్ని తెగలలో ఒకటే రాణి, కొన్నింట పెక్కు రాణులు. కూలిచీమ ఆయువు కొన్ని వారములు లేక నెలలు; రాణి ఆయువు ఏండ్లతరబడి. గుడ్లు పెట్టునది రాణి. బయటికి వచ్చిన చీమలను నూఱింటిని చంపిన, రాణి మఱి నూఱింటిని కనుచునే యుండును. రైతు కలుపును పైపైన కోసి వేరును విడిచినట్లే ఇదియు.

రెండవ విషయము తిండి. పెరిగిన చీమ గట్టి పదార్థమును మ్రింగలేదు. దాని నడుము అంత సన్నము. అది ద్రవములను త్రావును, గట్టివానిని మోసికొనిపోయి లోపలి పిల్లపురుగుల కిచ్చును. త్రాగినదానిని ఒక సంచివంటి కడుపులో నిలువచేసికొని పుట్టలోనికి పోయి, ఎదురైన చీమలకు నోటినుండి నోటికి పంచిపెట్టును. ఆ విధముగా ఒక చీమ త్రాగిన బొట్టు పదిచీమలకును, వానినుండి రాణికిని చేరును. సొలొమోను రాజు సోమరిని చీమల యొద్దకు పంపినది కష్టించుట నేర్చికొమ్మని. మనము నేర్చికొనవలసినది మాత్రము ఈ పంచుకొను గుణమును. మన మందు రాణిని చేరవలసిన దారి యిదియే.

మూడవది బారు. తిండి దొరికిన చీమ తిరిగిపోవుచు కడుపుకొనను నేలకు తాకించి వాసనగీత నొకదానిని గీయుచు పోవును. వెనుకటివి ఆ గీతను పట్టుకొని వచ్చును. విల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1959లో ఎఱ్ఱచీమల జాతియందు ఈ వాసన ఏ గ్రంథినుండి వెలువడునో కనిపెట్టెను. దీనిని పరీక్షించుటకు శాస్త్రశాల అక్కఱలేదు. బారుకు అడ్డముగా తడివ్రేలితో గట్టిగా నొకసారి రాచి చూడుడు. చీమలు ఆ స్థలమున ఆగి, దారితప్పిన బాటసారులవలె ఇటునటు తిరుగును. బడిపిల్లల కిది చూపిన చాల సంతోషింతురు. సబ్బునీటితో గాని, పుల్లని మజ్జిగనీటితో గాని బారును తుడిచివేసిన కొంతసేపు చీమలు రాకుండుట కిదియే కారణము. కాని కొంతసేపే.

చేయరాని పనులు

ఇది ఈ పాఠములోని ముఖ్యభాగము. సభ్యులు తాము చదివిన పిమ్మట ఇంటిలోని స్త్రీలకు కూడ చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.

పూర్వము మన యిండ్లలో చీమలకు "పది శాతము పొడి" యని బి.హెచ్.సి. చల్లుట వాడుక. దానిని 1997లో ప్రభుత్వము నిషేధించినది. తరువాత దాని చోటున వచ్చిన మిథైల్ పారథియాన్ పొడిని 2018లోను, ఫోరేటు గుళికలను 2020 సంవత్సరాంతమునను నిషేధించిరి. ఎండోసల్ఫానును 2011లో సుప్రీముకోర్టు నిలిపివేసినది. ఐనను పాతసంచులలో, పాతడబ్బాలలో అవి యింకను కొన్ని యిండ్లలో మిగిలియున్నవి. "ఇది మంచి ఘాటుమందు, ఇప్పుడు దొరకదు" అని దాచియుంచుకొన్నవారు కూడ కలరు. అది దొరకకపోవుటకు కారణము దాని ఘాటే.

2013వ సంవత్సరము జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రము శారణ్ జిల్లాలోని ఒక పల్లెబడిలో మధ్యాహ్నభోజనము తిన్న పిల్లలలో 23 మంది మరణించిరి. ఆ వంటలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినట్లు పరీక్షలో తేలినది. ప్రత్తి, మిరప సేద్యము చేయు మన రైతులకు ఆ మందు పేరు తెలియనిది కాదు. వంటింటి గోడవెంబడి, బియ్యపు డ్రమ్ముచుట్టు, పిల్లవాడు ప్రాకు నేలమీద అట్టి మందును చీమలకై చిలుకరించువారు ఏమి చేయుచున్నారో ఒక్కసారి తలపోయవలెను. పొలమున గాలివాటము చూచి, గుడ్డ కట్టుకొని చల్లు మందునకు ఇంటిలో గాలివాటము లేదు. చీమలు మందుమీద నడచి, అవే కాళ్ళతో అన్నపు గిన్నెమీద నడచును.

అట్లే గింజల నిలువకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను బండసందున పెట్టి పైన మన్ను కప్పుదురు కొందఱు. తేమ తగిలిన క్షణమున ఆ బిళ్ళనుండి విషవాయువు పుట్టును. బండల క్రింద పుట్టిన వాయువు గోడపగుళ్ళగుండ పడకగదిలోనికి రాదనుటకు హామీ యెవరిత్తురు? ఆ బిళ్ళను చీమలకొఱకు ఏ స్థితియందును, ఏ మూలయందును వాడరాదు.

కిరసనాయిలు, పెట్రోలు పుట్టలో పోసి నిప్పంటించుట మఱియొక దురాచారము. దానివలన చీమలలో పైనున్నవి మాత్రమే చచ్చును. పెరటిలోని మన్ను మొక్కకు పనికిరాకుండ పోవును. ఇంటిచూరు తాటియాకుదైన చెప్పనే యక్కఱలేదు.

అంగడిలో చీమలకై యమ్ము సుద్దముక్కలు, చిమ్ముడు సీసాలు మాటకు వత్తుము. ఇవి గీతను దాటిన చీమను చంపును. గూటిలోని రాణికి వీనివలన బాధ లేదు. పెక్కు రాణులు గల చలిచీమల తెగలలో కొన్నింటిపై చిమ్ముడుమందు పడినపుడు గూడు బెదరి రెండు మూడు గూళ్ళుగా విడిపోవును. అనగా ఒక బాధకు మూడు బాధలగును. ఆ సుద్దముక్క పలకమీద వ్రాయు బలపమును పోలియుండుట మఱియొక యపాయము. పిల్లలున్న యింట దానిని మేము మెచ్చము.

ఎర పెట్టు విధము

మేము మెచ్చు ఉపాయము ఎర. ఇందులకు కావలసినది బోరిక్ ఆమ్లము. మందుల అంగడులలో దొరకును. అది దొరకనిచోట వెలిగారము వాడవచ్చును. కాని వెలిగారములో సత్తువ తక్కువ గనుక బోరిక్ ఆమ్లము 10 గ్రాములకు బదులు వెలిగారము 15 గ్రాములు వేయవలెను.

ఒక లీటరు వేడినీటిలో 100 గ్రాముల పంచదార గాని బెల్లము గాని కరగించి, అందు 10 గ్రాముల బోరిక్ ఆమ్లము వేసి, పలుకు మిగులకుండునట్లు కలియబెట్టవలెను. చల్లారిన పిదప వడియగట్టి సీసాలో పోసికొనవలెను. ఇది నూటికి ఒక పాలు మందు. "ఒక పాలేమి, అయిదు పాళ్ళు వేసిన త్వరగా చచ్చును కదా" యని రైతులు తప్పక యడుగుదురు. త్వరగా చచ్చుటయే మనకు వలదు. మందు ఎక్కువైన చీమ దారిలోనే చచ్చును. లేదా రుచి తెలిసి ముట్టదు. తక్కువైనపుడు అది బ్రదికి గూటికి పోయి, పది నోళ్ళకు పంచి, రాణికిని పిల్లపురుగులకును చేర్చును. చంపవలసినది నెమ్మదిగా చంపుటలోనే యీ యుపాయపు బలమంతయు నున్నది. అందుచేత కంటికొలత పనికిరాదు. అంగడిలోనే తూపించి 10 గ్రాముల పొట్లములు కట్టించుకొనుడు.

ఈ నీటిని దూదిలో ముంచి, ఆ దూదిని మూతగల చిన్న డబ్బాలో నుంచి, డబ్బా ప్రక్కలను చీమ పట్టునంత రంధ్రములు మేకుతో పొడిచి, బారు వచ్చు దారిప్రక్కను పెట్టవలెను. దారికి అడ్డముగా పెట్టరాదు. డబ్బా తెఱచియుంచిన పిల్లల చేతికిని, కోళ్ళ నోటికిని, కుక్క నాలుకకును అందును. బోరిక్ ఆమ్లము ప్రత్తిమందువంటి ఘోరవిషము కాకపోయినను, త్రాగదగినది మాత్రము కాదు. పసిబిడ్డలకు మిక్కిలి చెఱుపు చేయును. పైగా అది ఉప్పువలె తెల్లగా నుండును. కావున పొట్లముమీద, సీసామీద "విషము" అని పెద్దయక్షరములతో వ్రాసి, వంటింటి అలమరలో గాక వేఱొకచోట తాళము వేసి యుంచవలెను. ఎరనీరు మూడునాళ్ళకు పులియును, మార్చుచుండవలెను.

మొదటి రెండుదినములు చీమలు తగ్గుటకు బదులు పెరుగును. మేము పోయిన శ్రావణమున ఒక సభ్యుని యింట ఎర పెట్టించినప్పుడు రెండవనాటి ప్రొద్దుననే ఆయన తల్లి మమ్ము చూచి, "ఏమయ్యా, చీమలను పోగొట్టుమంటే పెండ్లివిందు పెట్టినావే! ఊరిచీమలన్నీ మా యింటికే వచ్చినవి" అనెను. "అవ్వా, వానిని తుడువవద్దు, తఱుమవద్దు, మూడు దినములు విందు జరుగనిమ్ము" అని చెప్పి వచ్చితిమి. ఆమె సగము నమ్మినది. ఎనిమిదవనాటికి బారు పలుచబడెను. మూడవ వారమున ఆ గోడవెంట చీమ కనబడలేదు. ఆమె మాత్రము, "శివునాజ్ఞ లేనిదే చీమ కుట్టదందురు. మీ మందునకు గూడ ఆజ్ఞ అయినది కాబోలు" అని మమ్ము పూర్తిగా మెచ్చక విడిచినది. ఎర పెట్టిన గదిలో ఆ దినములలో చిమ్ముడుమందు వాడిన, సబ్బునీటితో బారును కడిగిన పనియంతయు చెడును. ఇంటిలోని వారందఱకు ఈ మాట ముందే చెప్పియుంచవలెను. లేనియెడల ఒకరు ఎర పెట్టుదురు, ఒకరు తుడుతురు.

అన్ని చీమలకు తీపి హితవు కాదు. ముంగిటి ఎఱ్ఱచీమలు నూనెను, మాంసమును ఎక్కువగా కోరును. ఒక ఆకుమీద బెల్లపుముక్క, వేరుసెనగనూనె బొట్టు, ఎండుచేప పొడి చిటికెడు దూరదూరముగా నుంచి అరగంట చూచిన, ఏది హితవో చీమలే చెప్పును. శాకాహారుల యింట ఎండుచేపకు బదులు దంచిన వేరుసెనగపప్పు చాలును. నూనె కోరువానికి, వేయించి మెత్తగా నూఱిన వేరుసెనగపప్పు 100 గ్రాములలో బోరిక్ ఆమ్లము 2 గ్రాములు బాగుగా కలిపి, చిన్న చిన్న యుండలుగా డబ్బాలలో పెట్టవలెను. వాన పడునపుడు బయట ఎర పెట్టుట వ్యర్థము.

బండలు పఱచిన ముంగిలి

కడపబండలు, తాండూరుబండలు పఱచుకొన్న ముంగిళ్ళలో చీమల బాధ మట్టివాకిళ్ళకంటె హెచ్చు. కారణము స్పష్టము. బండ క్రింద ఇసుక మెత్తగా, పొడిగా ఉండును. పైబండ వానను ఆపును, వేడిమిని నిలుపును. చీమకు అంతకంటె మంచి మేడ మనము కట్టియియ్యలేము. అది ఇసుకను సందులగుండ పైకి తోడుచుండగా బండ క్రింద గుల్లయై, కొన్నాళ్ళకు బండ కదలును.

ఇట్టిచోట్ల ముందు ఎర పెట్టి రెండు మూడు వారములు ఆగవలెను. బారు పలుచబడిన పిదప, చల్లని ప్రొద్దున, మరగుచున్న నీటిని సందులలో నెమ్మదిగా పోయవలెను. ప్రొద్దుటివేళ ఎందుకనగా, ఎండ తగులగానే చీమలు తమ గుడ్లను, పిల్లలను వెచ్చదనముకొఱకు పైయరలకు తెచ్చును. అప్పుడు నీరు వానికి అందును. ఒక్కసారి పోసినంతమాత్రమున పుట్ట చచ్చునని నమ్మరాదు. రెండు మూడు దినములు విడిచి మరల పోయవలెను. పిల్లలను దూరముగా నుంచి, కాళ్ళకు జోళ్ళు తొడిగికొని, పొడవుపిడి గల పాత్రతో పోయవలెను. చెట్టుమొదటను, తులసికోటయొద్దను వేడినీరు తగదు. పుట్ట మెత్తబడిన తరువాత సందులలోని వదులు ఇసుకను చీపురుతో తీసివేసి, ఒక పాలు సిమెంటు, మూడుపాళ్ళు సన్నయిసుక తడిపి దట్టించి మూసివేయవలెను. ఎర పెట్టక ముందే మూసినయెడల చీమలు లోపల నుండి వేఱొక సందు త్రవ్వుకొని వంటింటిలో తేలును. గోడ మొదటి పగుళ్ళు, ద్వారబంధము ప్రక్కలు, నీటిగొట్టము గోడలో దూరుచోటు ఇదే విధముగా మూయవలెను.

ముగ్గుమాట యొకటి. మన పెద్దలు వాకిట బియ్యపుపిండితో ముగ్గు వేయుట చీమలకు ఆహారమని చెప్పుదురు. ఆ ధర్మమును మేము కాదనము. గడపకు వెలుపల ఇంతదూరమున తిండి దొరకిన చీమకు లోపలికి వచ్చు తొందర తక్కువ. కాని గడపమీదను, వంటింటిలోను పిండిముగ్గు వేసినచో అదే ధర్మము ఇంటిలోనికి పిలుచుట యగును. అచట రాతిముగ్గుపిండి వేసికొనుడు. గడపకు పసుపు రాచుటవలన చీమలు కొంత వెనుదీయుట నిజమే. పొడిబూడిద గీత కూడ అట్లే. తడి తగిలిన రెండును నిష్ఫలము.

వంటింట, గాదెయొద్ద, కోళ్ళగంపయొద్ద

బెల్లపుకుండను నీళ్ళపళ్ళెములో నుంచుట, మంచపుకోళ్ళ క్రింద నీళ్ళచిప్పలు పెట్టుట మన తల్లుల నాటి యాచారము. దానికి మించిన యడ్డు నేటికిని లేదు. ఒక్క సవరణ మాత్రము చెప్పుదుము. ఆ చిప్పలలో దోమలు గ్రుడ్లు పెట్టును. పగలు కుట్టు చారలదోమ, అనగా డెంగీ జ్వరమును తెచ్చునది, ఇట్టి కొద్దినీటిలోనే పెరుగును. వారమునకు రెండుసార్లు నీరు పాఱబోసి చిప్పను తోమవలెను. ఉట్టిత్రాటికి ఆముదము పట్టించుట మంచిదే, దుమ్ము పట్టగానే మరల పట్టింపవలెను.

గాదెలోని ధాన్యమునకు చీమ పట్టినదన్న ముందు ఆ ధాన్యమును పరీక్షింపుడు. గింజ విఱిగి నూకయైనను, పురుగు పట్టినను చీమ చేరును. గింజను బాగుగా ఎండబెట్టి, చెఱిగి, నూక తీసి మరల పోసికొనుట దానికి మందు. ధాన్యములో ఏ పొడియు కలుపరాదు.

కోళ్ళు పొదుగునపుడు 21వ నాటికి గ్రుడ్డు చిట్లి పిల్ల ముక్కు కనబడగానే ఎఱ్ఱచీమలు ఆ పగులులో దూరి పిల్లను చంపును. పొదుగుగంపను నేలమీద నుంచక, నీళ్ళచిప్పలలో నిలిపిన చిన్న పీటమీద 18వ నాటినుండియైన నుంచిన ఈ నష్టము తప్పును. అప్పుడే పుట్టిన దూడను కూడ పుట్టలున్నచోట వదలరాదు. లేచి నిలువలేని దూడ కన్నులను, బొడ్డును చీమలు పట్టును.

పెరటిచెట్లు, నారుమళ్ళు

పెరటిలోని మందార, బొప్పాయి, జామ, సీతాఫలము చెట్లపై చీమలు బారులుగా ఎక్కుచు దిగుచు నున్న, అవి చెట్టుకొఱకు పోవుట లేదు. పైన పిండినల్లి గాని, పేనుబంక గాని యున్నదని గ్రహింపవలెను. ఆ పురుగులు విసర్జించు తీయని బంకను చీమలు త్రాగును. అందులకు ప్రతిఫలముగా వానిని తినవచ్చు అక్షింతల పురుగులను తఱిమివేయును. గొఱ్ఱెలకు కాపరియెట్లో పిండినల్లికి చీమ యట్లు. 2008లో కోయంబత్తూరు ప్రాంతమున బొప్పాయి పిండినల్లి మన దేశమున మొదట కనబడి త్వరలో ఇతర రాష్ట్రములకు వ్యాపించినది. 2010లో పరదేశమునుండి దాని శత్రువైన చిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించి వదలినపిదప అది అదుపులోనికి వచ్చినది. అట్టి మిత్రకీటకములు పనిచేయవలెనన్న కాపరిని దింపవలెను. చెట్టుమొదటికి అరచేతి వెడల్పున కాగితపు పట్టీ చుట్టి, దానిమీద ఆముదము గాని జిగురు గాని పూసి, నేలకు తగులు కొమ్మలను కత్తిరించిన చీమ ఎక్కలేదు. జిగురును బెరడుపై నేరుగా పూయరాదు. పైనున్న పిండినల్లిని సబ్బునీటితో కడుగవలెను. ఈ పని చేసినచో చీమలు ముంగిటికి వచ్చు కారణము కూడ సగము పోవును. పెరటిలో తీపి దొరకనిచో గూడు పెరుగదు.

నువ్వులు, రాగి, వంగ, టమాటో, పొగాకు మొదలగు సన్నవిత్తనముల నారుమళ్ళలో చీమలు చల్లిన రాత్రియే గింజలను మోసికొనిపోవును. మొలక పలుచబడినదని విత్తనపు వ్యాపారిని నిందించుటకు ముందు మడిచుట్టు పుట్టలను వెదకుడు. విత్తుటకు పదిదినములు ముందు పుట్టలయొద్ద నూనె యెర పెట్టుట, మడిచుట్టు బూడిదకట్ట వేయుట, గింజపై సన్నని జల్లెడమన్ను కప్పుట చేయవలెను. విత్తిన రాత్రి మడిగట్టుకు వెలుపల పిడికెడు నూకలు చల్లి చీమలను అటు మళ్ళించు రైతులు కలరు. ఖర్చు లేని యుపాయము గనుక మేమును దానికి అడ్డు చెప్పము.

అన్ని చీమలను చంపవలెనను పంతము తగదు. చీమలు చెదలను తినును, గొంగళిపురుగుల గ్రుడ్లను ఏరును, మన్నును గుల్లచేయును. మామిడిచెట్టుపై ఆకులు కుట్టు ఎఱ్ఱచీమలు పెక్కు పురుగులనుండి తోటను కాపాడును. కాయ కోయువానిని మాత్రము ఏడిపించును. ఒడిషాలోని మయూరభంజివారు ఆ చీమలతో పచ్చడి నూఱుకొందురు. దానికి 2024లో భౌగోళికసూచిక గుర్తింపు కూడ వచ్చినది. ఇంటికి పది బారల దూరమున నున్న గండుచీమల పుట్టను, తోటలోని ఆకుగూళ్ళను విడిచిపెట్టుడు.

కుట్టినపుడు

ఎఱ్ఱచీమలు కుట్టిన వెంటనే వానిని చేతితో దులిపివేసి, సబ్బుతో చల్లనినీట కడిగి, చల్లనిగుడ్డ వేయవలెను. పొక్కు లేచిన గిల్లరాదు, గోకరాదు, గిల్లిన చీముపట్టును. సామాన్యముగా రెండు మూడు దినములలో మానును. కాని కొందఱి దేహతత్త్వమున కిది పడదు. కుట్టిన కొద్దినిమిషములలో ఒళ్ళంతయు దద్దురులు లేచి, పెదవులు వాచి, ఊపిరి ఆడక, కన్నులు తిరిగిన, అది చిన్నవిషయమని ఆకుపసరుతో కాలము గడుపక తక్షణము 108 బండిని పిలిపించి ఆసుపత్రికి చేర్చవలెను. గల్ఫుదేశములకు పనికి పోయిన మన పిల్లలకు కూడ ఈ సంగతి వ్రాయుడు. అచటి ఎడారితోటలలో నున్న ఒక నల్లచీమ కాటువలన ఇట్టి దురవస్థ కలిగి మరణించినవారు కలరు.

తమ యింటి చీమ ఏ తెగదో తెలియని సభ్యులు పది చీమలను చిన్నసీసాలో స్పిరిటు పోసి తీసికొని, వచ్చెడి నెల సంఘపు సమావేశమునాడు మాకు చూపవచ్చును. ఏ ఎర హితవైనదో ఆకుమీద పరీక్షించి చూచికొని వచ్చిన మాటలాడుట తేలికగా నుండును. నిషేధింపబడిన పాతమందుల డబ్బాలున్నవారు వానిని కాలువలలో పాఱవేయక, మూత బిగించి, పేరు వ్రాసియున్న చీటీని చింపక, ఏమి చేయవలెనో ముందుగా మండల వ్యవసాయాధికారి నడుగవలెను.